అరచేతి కాయలోని పనితనం

తాండూరు నాపరాయి పొరలు పొరలుగా పుట్టిన రాయి. కోట్లాది ఏళ్ల కిందట నీటి అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది కాబట్టి, సందు కనిపెట్టి ఉలి ఆనించి దెబ్బ వేస్తే బండ బల్లపరుపుగా లేచి వస్తుంది. ఓగీపూర్, మల్కాపూర్ వైపు గనుల నుంచి పట్టణంలోని పాలిషింగ్ యూనిట్ల దాకా, కోత మిషన్లు వచ్చాక కూడా, ఈ రాయిని లేపడానికీ ఎత్తడానికీ దించడానికీ మనిషి చేయి కావాల్సిందే. ఇళ్లలో పరిచిన నీలం బండనీ పసుపు బండనీ మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మెచ్చుకోదలచింది ఆ సుత్తి పట్టిన చేతిని. ఇంకా దగ్గరికి వెళ్తే, ఆ చేతిలో కాసిన కాయను.

చేయి తిరిగిన పనివాడి అరచేతిని ఒకసారి వెలుగులో చూడండి. వేళ్ల మొదళ్ల కింద వరసగా గట్టి దిబ్బలు కనిపిస్తాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, పిడి ఒరుసుకునే చోట మరొకటి. రంగు కాస్త పసుపు. మీది గీతలు మాసిపోయి ఉంటాయి. గోటితో గిచ్చినా తెలియదు. అదే అరచేతి నడుమ, పిడి తగలని గుంటలో, చర్మం మెత్తగానే ఉంటుంది. కాయ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో ఎవరూ గీత గీసి చూపలేదు. బలం పడిన మేరకు కాసింది, పడని చోట ఆగిపోయింది.

కొత్తగా పనిలో చేరిన కుర్రవాడికి అదే జాగాలో బొబ్బ లేస్తుంది. అలవాటు లేని చర్మం మీద ఒరిపిడి ఒక్కసారిగా ఎక్కువైతే పైచర్మం లోపలే పొరలు విడిపోతాయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అదే ఒరిపిడి కొద్దికొద్దిగా, మధ్యలో విరామమిస్తూ, రోజూ వస్తే చర్మం మందమవుతుంది. పనిముట్లకు ఈ విద్య తెలియదు. ఉలి మొన అరుగుతుంది, సుత్తి పిడి నునుపెక్కి సన్నబడుతుంది. ఒరుసుకున్న కొద్దీ పెరిగేది చేయి ఒక్కటే. ప్రాణం ఉన్న పదార్థానికీ లేని పదార్థానికీ తేడా చూపించమంటే నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెడతాను.

ఈ పని చేసేది కణాలు. పైచర్మంలో అన్నిటికంటే అడుగున ఒక వరస కణాలు ఉంటాయి, విభజన చెందేవి ముఖ్యంగా అవే. పుట్టిన కొత్త కణాలు పైకి జరుగుతూ, కెరటిన్ అనే ప్రొటీన్ పోగులతో నిండిపోతూ, చివరికి చచ్చి బల్లపరుపు పెంకుల్లా మారి, మీద పొరగా కొన్నాళ్లుండి రాలిపోతాయి. అడుగు నుంచి రాలిపోయేదాకా సుమారు నెల పడుతుంది, కాస్త అటూ ఇటూ. ఒంటి మీద చాలాచోట్ల పైచర్మం మందం మిల్లీమీటరులో పదో వంతు. అరచేతిలో, అరికాలిలో అది మిల్లీమీటరు దగ్గరికి, కొన్నిచోట్ల ఆపైకి పోతుంది. తల్లి కడుపులో, ఏ పనీ ఎరగని శిశువుకు కూడా ఈ రెండు చోట్లా చర్మం మందమే. కెరటిన్-9 అనే రకం ప్రత్యేకించి ఇక్కడిదే. అడుగు చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు పైవాటికి ఇది అరచేయి అని చెబుతాయి. అరికాలి ఫైబ్రోబ్లాస్టులతో కలిపి పెంచితే, వేరే చోటి చర్మకణాలు కూడా కెరటిన్-9 తయారు చేయడం ప్రయోగశాలలో చూశారు. అంటే పుట్టుకతో వచ్చిన మందం ఒకటి, పనితో సంపాదించుకున్న మందం మరొకటి. కాయ ఆ రెండోది.

మరి అడుగు వరస కణానికి ఎక్కువగా విభజన చెందమని ఎవరు చెబుతారు? శాస్త్రవేత్తలు మొదట కనిపెట్టిన జవాబు రసాయనం. అమెరికాలో స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటి కళ్లు మామూలు కంటే చాలా ముందే తెరుచుకున్నాయి. కనురెప్పల మీది చర్మం త్వరగా ఎదిగిపోయింది. ఆ సారంలోని పదార్థమే పైచర్మపు వృద్ధి కారకం, ఈజీఎఫ్. కేవలం 53 అమైనో ఆమ్లాల గొలుసు. ఈ పనికి కోహెన్‌కు, నాడీకణాల వృద్ధి కారకాన్ని కనిపెట్టిన రీటా లెవి-మోంటాల్చినీకి కలిపి 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈజీఎఫ్ కణం లోపలికి వెళ్లి పని చెప్పదు. కణం పొర మీద దానికోసం గ్రాహకాలు ఉంటాయి. ఈజీఎఫ్ వచ్చి తగలగానే రెండు గ్రాహకాలు జతకడతాయి, లోపలివైపు తోకల మీద ఒకదానికొకటి ఫాస్ఫేట్ గుర్తులు వేసుకుంటాయి. ఆ గుర్తులను పట్టుకుని ఇతర ప్రొటీన్లు చేరతాయి, ర్యాస్ అనే ప్రొటీన్ మేలుకుంటుంది, అక్కడి నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా కబురు ఈఆర్‌కే అనే ప్రొటీన్ దాకా పోయి కేంద్రకంలో జన్యువులను కదిలిస్తుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. అంతకంటే మెచ్చదగిన సంగతి ఆ తర్వాతది. కబురు అందగానే కణం ఆ గ్రాహకాన్నే లోపలికి లాక్కుని చాలావరకు అరగదీసేస్తుంది. ర్యాస్ తన స్విచ్ తానే ఆపేసుకుంటుంది. ఆ ఆపడం చెడితే ఏమవుతుందో తేల్చిన వాళ్లలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. మనిషి మూత్రాశయపు క్యాన్సర్ కణాల్లో ర్యాస్ జన్యువుకు వచ్చిన మార్పు ఒకే ఒక్క అక్షరమని, దానివల్ల 12వ స్థానంలో గ్లైసిన్ పోయి వేలిన్ వచ్చిందని 1982లో ఆయన, సహ పరిశోధకులు చూపించారు. ఒక్క అక్షరం మారితే ర్యాస్ తనంతట తాను ఆగలేదు. ఆగడం తెలియని పెరుగుదల క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

చాలాకాలం కణాల పెరుగుదల కథ ఇక్కడితో ముగిసినట్టే అనిపించేది: రసాయనం వచ్చింది, కణం విన్నది, పెరిగింది. కానీ ఈజీఎఫ్ మన ఒంట్లో ఎక్కడెక్కడో తిరుగుతుంది. కాయ మాత్రం పిడి ఆనిన చోటే కాస్తుంది.

1997లో క్రిస్టఫర్ చెన్, డొనాల్డ్ ఇంగ్బర్, జార్జ్ వైట్‌సైడ్స్ బృందం చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో అనవసరమైనది ఏమీ లేదు. గాజు మీద కణాలు అతుక్కునే ప్రొటీన్‌ను చిన్న చిన్న దీవుల్లా అచ్చు వేశారు. చిన్న దీవి మీద వాలిన కణం ముడుచుకుని ఉండాలి, పెద్ద దీవి మీదిది పరచుకోవచ్చు. అన్నిటికీ ఇచ్చిన పోషణ ఒకటే, వృద్ధి కారకాలు ఒకటే. పరచుకున్న కణాలు విభజన చెందాయి. ముడుచుకున్నవి చచ్చిపోయాయి. అతుక్కున్న చోటు మొత్తం విస్తీర్ణం సమానంగా ఉంచి, కణం పరచుకునే తీరు ఒక్కటే మార్చి చూసినా ఫలితం అదే. కణం పెరగడానికి కబురు చాలదు, కాలు మోపి ఒళ్లు సాచే తావు కూడా కావాలన్నమాట.

ఆ కాలు మోపడం ఎలాంటిదో చూడాలి. కణం పొరను దాటుకుని బయటికీ లోపలికీ ఉండే ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్లు ఉన్నాయి. బయటి కొస కొల్లాజెన్ వంటి పోగులను పట్టుకుంటుంది. లోపలి కొసకు టాలిన్ అనే పొడవాటి ప్రొటీన్, దానికి యాక్టిన్ పోగులు తగులుకుంటాయి. ఆ పోగులను మయోసిన్ లాగుతూ ఉంటుంది, మన కండరాల్లో లాగే ప్రొటీన్‌కు ఇది చుట్టమే. కణం ఊరికే కూర్చోదు. పట్టుకున్న పోగును ఎడతెగకుండా లాగి చూస్తుంది. అది మెత్తగా లొంగిపోతే టాలిన్ మీద బరువు పడదు. గట్టిగా ఎదురు నిలిస్తే టాలిన్ నడుంలో ఉన్న 13 కట్టల్లో ఒకటి విచ్చుకుంటుంది. అన్నిటికంటే ముందు విచ్చుకునే కట్టకు కావలసిన బలం దాదాపు 5 పికోన్యూటన్లు. వంద గ్రాముల బరువు చేతి మీద మోపే బలం ఇంచుమించు ఒక న్యూటన్, అందులో లక్ష కోట్ల వంతు ఒక పికోన్యూటన్. కట్ట విచ్చుకోగానే అంతవరకూ లోపల దాగి ఉన్న చోటు బయటపడుతుంది, అక్కడికి వింక్యులిన్ వచ్చి చేరి పట్టును ఇంకా బిగిస్తుంది. బలం ఇక్కడ రసాయనంగా మారిపోయింది. కొలవడం, చదవడం, బదులివ్వడం అన్నీ ఒకే ప్రొటీన్‌లో ఇమిడి ఉన్నాయి. ఇంత పొదుపైన పని మనిషి చేసిన ఏ యంత్రంలోనూ నేను చూడలేదు.

కణం మొత్తాన్ని సాగదీసినప్పుడు తెలుసుకునేవి వేరే ఉన్నాయి. ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో ప్రకటించిన పీజో ఛానెళ్లు అవి, 2021 నోబెల్ బహుమతి కథలో ఇవి ముఖ్యమైన భాగం. కణం పొర బిగుసుకుంటే పీజో తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికి వస్తుంది. శరీరపు పొరల్లో కణాలు పలచబడి సాగినప్పుడు పీజో-1 వాటిని విభజన వైపు తోస్తుందని 2017లో తేలింది. అంతకు ఐదేళ్ల ముందే మరో సంగతి బయటపడి ఉంది: కణాలు మరీ కిక్కిరిసిపోయినప్పుడు కొన్నింటిని పొరలోంచి బయటికి నెట్టేయడంలోనూ ఇదే ఛానెల్‌కు పాత్ర ఉంది. తక్కువైతే పుట్టించడం, ఎక్కువైతే సాగనంపడం. రెండు తీర్పులకూ ఒకే చెవి.

ఇక రసాయనపు కబురూ బలమూ కలిసే చోటు. గాజు మీద పెంచిన కణాలను పక్కన పెట్టి, సాగే పొర మీద పెంచిన చర్మకణాలను చూడండి: ఆ పొరను లాగితే ఈజీఎఫ్ గ్రాహకమూ ఈఆర్‌కే కూడా మేలుకుంటాయి. కాలిన గాయాల తర్వాత కొత్త చర్మం కావాల్సినప్పుడు ప్లాస్టిక్ సర్జన్లు మంచి చర్మం కింద ఒక సంచి పెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా ఉప్పునీరు నింపుతారు. చర్మం సాగి ఊరుకోదు, నిజంగానే పెరుగుతుంది. ఎలుకల్లో ఈ పెరుగుదలను ఒక్కో కణం స్థాయిలో గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. సాగదీతకు స్పందించి మూలకణాలు తమలాంటి వాటిని ఎక్కువగా పుట్టించాయి. అందుకు ఈఆర్‌కే దారి కావాలి, బలం తగిలినప్పుడు కేంద్రకంలోకి వెళ్లే వైఏపీ అనే ప్రొటీన్ కూడా కావాలి. కబురు ఒక దారి, బలం ఒక దారి అని మనం పుస్తకంలో రెండు అధ్యాయాలుగా రాసుకున్నాం. కణంలో అవి ఒకే వీధి.

నా మట్టుకు ఈ మొత్తంలో తలమానికం టీజీఎఫ్-బీటా. ఇది గాయాలు మాన్పే వృద్ధి కారకం, కొల్లాజెన్ అల్లమని ఫైబ్రోబ్లాస్టులకు చెప్పేది. ఇంత శక్తిగల దాన్ని కణాలు ముందే తయారు చేసి బయట పోగుల్లో నిలవ పెడతాయి, అయితే పని చేయకుండా మరో ప్రొటీన్ తొడుగులో బిగించి. ఆ తొడుగు ఒక వైపు పోగులకు కట్టి ఉంటుంది. రెండో వైపు ఇంటెగ్రిన్ పట్టుకోవడానికి కొక్కెంలాంటి చోటు ఉంటుంది. కందుల బస్తా మూతికుట్టు తెలిసినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. సరైన దారం కొస పట్టి లాగితే కుట్టంతా జర్రున విడిపోతుంది. కానీ బస్తా నిండుగా, బరువుగా, కదలకుండా ఉండాలి. ఖాళీ సంచి అయితే దారంతో పాటు చేతిలోకే వచ్చేస్తుంది. ఇక్కడా అంతే. చుట్టూ ఉన్న పోగులు బిగువుగా ఉంటేనే కణం లాగుడుకు తొడుగు విడిపోయి టీజీఎఫ్-బీటా బయటపడుతుంది. పోగులు మెత్తగా ఉంటే కణం ఎంత లాగినా మూట మూటగానే ఉండిపోతుంది. ఆల్ఫా-వి బీటా-6 అనే ఇంటెగ్రిన్ దీన్ని విప్పుతుందని 1999లో చూపించారు. కణాల లాగుడూ పోగుల బిగువూ రెండూ కావాలని 2007లో బోరిస్ హింజ్ బృందం తేల్చింది. తొడుగు ఆకారం 2011లో తిమొతీ స్ప్రింగర్ బృందం బయటపెట్టింది. మందు ముందే ఉంది, విప్పే హక్కు మాత్రం లాగే చేతికి, ఎదురు నిలిచే నేలకు కలిపి ఇచ్చారు. ఎక్కడ అవసరమో అక్కడే తెరుచుకునే ఏర్పాటు ఇంతకంటే ఎవరు చేయగలరు?

ఉలి జారి వేలు తెగినప్పుడు ఇది కళ్లముందే జరుగుతుంది. రక్తం గడ్డకట్టే వేళ ప్లేట్‌లెట్లు వృద్ధి కారకాలను వదులుతాయి, చుట్టుపక్కల ఫైబ్రోబ్లాస్టులు పాకి వస్తాయి. టీజీఎఫ్-బీటా కబురూ, బిగుసుకుంటున్న పోగులూ కలిసి వాటిని మయోఫైబ్రోబ్లాస్టులుగా మారుస్తాయి. జెనీవాలో జూలియో గబ్బియాని బృందం 1971లో గుర్తించిన కణాలివి. సగం అల్లేవి, సగం కండరాల్లా లాగేవి. గాయం అంచులను అవి దగ్గరికి గుంజుతాయి. గాయం మూసుకోగానే ఎక్కువ భాగం తమంతట తామే చచ్చిపోతాయి. మచ్చ మిగులుతుంది, పనివాళ్లు వెళ్లిపోతారు.

వాళ్లు వెళ్లకపోతే? తాండూరు నుంచి వికారాబాద్ వచ్చి అనంతగిరి కొండ ఎక్కితే నిజాం కాలం నాటి క్షయ శానిటోరియం ఉంది. మందులు లేని రోజుల్లో మంచి గాలీ విశ్రాంతే చికిత్సగా ఇలాంటి కొండల మీద ఆసుపత్రులు కట్టేవారు. క్షయ తగ్గిన తర్వాత కూడా కొందరి ఊపిరితిత్తుల్లో మచ్చ మిగిలిపోయి ఊపిరి బరువెక్కుతుంది. రాతి ధూళిలో సన్నని సిలికా ఉంటే, అది ఏళ్ల తరబడి లోపలికి పోతే సిలికోసిస్ వస్తుంది. అక్కడా చివరికి మిగిలేది మచ్చే. ఊపిరితిత్తి ప్రతి శ్వాసకూ సాగి ముడుచుకునే అవయవం. మచ్చ పడిన చోటు గట్టిపడుతుంది. గట్టిపడిన చోట కణాల లాగుడుకు మరింత టీజీఎఫ్-బీటా విడుదలవుతుంది, అది మరింత కొల్లాజెన్ అల్లిస్తుంది, ఆ చోటు ఇంకా గట్టిపడుతుంది. మూట విప్పే ఆ బీటా-6 ఇంటెగ్రిన్ లేకుండా పుట్టించిన ఎలుకలకు ఊపిరితిత్తుల్లో ఈ మచ్చల జబ్బు తెప్పించడానికి మందు ఎక్కిస్తే, అవి చాలావరకు తప్పించుకున్నాయి. చేతిలో ప్రాణం నిలిపిన ఏర్పాటే ఊపిరితిత్తిలో ఉచ్చవుతోంది. పనితనంలో లోపం లేదు. అది ఎదురుచూడని బలం, ఎదురుచూడని ధూళి వచ్చి పడ్డాయి. అందుకే రాయి కోసేచోట నీళ్లు కొట్టడం, ముక్కుకు సరైన మాస్కు ఇవ్వడం యజమానులు దయతలచి చేసే పనులు కావు, తప్పక చేయాల్సినవి.

చివరగా అరికాలు. మన ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి పాదాల్లో స్పర్శ పోతుంది. నొప్పి తెలిసినవాడు రాయి గుచ్చుకుంటే కాలు మార్చి వేస్తాడు. తెలియనివాడు అదే చోట రోజంతా బరువు మోపుతాడు. ఆ చోట ఆనెకాయ కాస్తుంది. కాయ మరీ మందమైతే అదే కింది మెత్తని చర్మాన్ని నొక్కుతుంది, అడుగున పుండు పడుతుంది, పైకి కనిపించదు. కాపాడడానికి వచ్చిన కాయ, నొప్పి అనే హెచ్చరిక పోయేసరికి హాని చేస్తుంది.

కోహెన్ ఎలుక పిల్లల్లో చూసిన ఈజీఎఫ్ ఇప్పుడు మన దగ్గరే తయారవుతోంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ మానవ ఈజీఎఫ్‌ను జన్యు పద్ధతిలో తయారు చేసి, మధుమేహుల కాలిపుండ్ల కోసం రీజెన్-డి అనే జెల్‌గా తెచ్చింది. మంచి పని. కానీ 1997 నాటి దీవుల ప్రయోగం చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది: కబురు ఒక్కటే చాలదు. జెల్ రాసుకుని అదే పుండు మీద నడుస్తుంటే కొత్త కణాలు పుట్టిన చోటే నలిగిపోతాయి. వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాలతో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ పట్టుబట్టింది ఈ సంగతే. పాదం ఆకారానికి సరిగ్గా అమరేలా పిండికట్టు వేసి, పుండు మీది బరువును పాదమంతటికీ పంచే పద్ధతిని ఆయన అమెరికాకు కూడా తీసుకెళ్లారు. అలాంటి పుండ్లకు బరువు తప్పించడమే నేటికీ చికిత్సలో మొదటి మెట్టు.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఈ రాత్రే వాళ్ల అరికాళ్లు వెలుగులో చూడండి. ఆనెకాయ కనిపిస్తే బ్లేడుతో కోయకండి, ఆమ్లం పట్టీలు అంటించకండి, డాక్టరుకు చూపించండి. పుండు ఉంటే మందుతో పాటు ఆ కాలి మీద బరువు ఎలా తప్పించాలో కూడా అడగండి. ఆ చోట బరువు తప్పిస్తే, మిగతా పని ఎలా చేయాలో కణాలకు తెలుసు.